కాంటా దాటిన మనిషి

ఒకదానిమీద ఒకటి పేర్చిన బస్తాల నెట్టు కూలే ముందు ఏ సూచనా ఇవ్వదు. ఉరుముకు ముందు మెరుపైనా ఉంటుంది. దీనికి అదీ లేదు. ఒక్కసారిగా నేల అదురుతుంది, దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములోనుంచి మనుషుల కేకలు వినవస్తాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలలో, తిరుమలగిరికి కొంత దూరంలోని ఒక చిన్న వ్యవసాయ మార్కెట్ యార్డులో సూపర్‌వైజరుగా ఉండగా నేను ఆ శబ్దం విన్నాను. అయితే నన్ను ఇప్పటికీ కలతపెట్టేది ఆ శబ్దం కాదు. దాని తరువాత కొన్ని వారాలపాటు యార్డులో సాగిన విచారణ. ఏ అధికారీ దానిని ఆదేశించలేదు. తీర్పరులు హమాలీలు, ముద్దాయి కూడా వారిలో ఒకడే.

నేను క్రమాన్ని ప్రేమించే మనిషిని. యార్డులో చేరిన మొదటి వారంలోనే ధాన్యపు రాశుల మధ్య సున్నంతో గీతలు గీయించాను. రైతు తన రాశిని గీత లోపలే పోయాలి. కొనుగోలుదారు గీత వెంటే నడవాలి. టెండరు పెట్టెలో చీటీ వేసే వేళ దాటితే ఎంతటివాడి చీటీ అయినా తీసుకోను. మా దడవాయి, అంటే కాంటా దగ్గర నిలబడి తూకం చూసే మనిషి, నోటి దురుసువాడు. "సారు కలల గూడ సున్నపు గీతలే గీస్తడు" అని నేను వినేటట్టుగానే అనేవాడు. నేను కోపగించుకోలేదు. నియమం పాటించే చోట మనుషులకు హాని తక్కువ జరుగుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం మీదనే ఉద్యోగం చేశాను.

హమాలీలకు వారి నియమాలు వారికి ఉండేవి. వాటిలో ముఖ్యమైనది కాంటాకు మొక్కడం. ప్రతి ఉదయం మొదటి తూకానికి ముందు దడవాయి కాంటా పలకను తడిగుడ్డతో తుడిచి పసుపు బొట్టు పెడతాడు. ముఠా మేస్త్రి ముసలి సాయబు. ఆయన కుడిచేత్తో పలకను తాకి ఆ చేతిని కండ్లకు అద్దుకుంటాడు. తరువాత ముఠాలోని వారందరూ ఒకరి వెనుక ఒకరు వచ్చి తాకుతారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఆ వరుసలో కనిపించేది కాదు. కాంటా అన్నం పెట్టేది, కాంటా అబద్ధమాడదు, కనుక దానిమీదుగా కాలు వేసి దాటరాదు. ఇదీ వారి కట్టుబాటు. కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ కాంటాకు కాలు తగిలితే తూకం చెడిపోతుంది కాబట్టి ఆ కట్టుబాటు నాకూ అనుకూలంగానే ఉండేది. ఎవరైనా దాటబోతే నేనూ గద్దించేవాణ్ణి.

నెట్టు కూలిన రోజుకు ముందు రాత్రి వాన పడింది. షెడ్డు అంచున పేర్చిన నెట్టును మధ్యకు మార్చవలసి వచ్చింది. గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. దాని డ్రైవరు హారన్ మీదనుంచి చేయి తీయడం లేదు. నెట్టు మారుస్తున్నప్పుడు పైన ఇద్దరు నిలబడి బస్తాను జార్చుతారు, కింద ఒకడు వీపు వంచి అందుకుంటాడు. కింద నిలబడడం వంతుల ప్రకారం జరుగుతుంది. ఆ పూట వంతు ఒక నడివయసు హమాలీది. సన్నని మనిషి, తంబాకు నమిలే అలవాటు, కొనుగోలుదారులకు ఎదురుమాట చెప్పగల ధైర్యం. పనికి రాని రోజు ఉండేది కాదు. ఆయన వీపు వంచాడు. నెట్టు ఒక పక్క మొత్తం ఆయన మీదికి వచ్చింది.

నల్లగొండ దవాఖానకు, అక్కడినుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. నడుము దక్కలేదు. ఇంటికి తిరిగి వచ్చేనాటికి గోడకు ఆనుకుని కూర్చోగలిగేవాడు. ఇక బస్తా ఎత్తడమన్న మాట లేదని డాక్టర్లు చెప్పారు.

నెట్టు కూలిన మరునాడు ఉదయం షెడ్డులో నేను మొదట విన్న మాటలు ఇవి.

"నిన్న పొద్దుగాల బస్తాలు కుట్టే సుతిలి కోసమని ఉరికొచ్చి కాంటా మీదికెల్లి దాటిండు," అన్నాడు దడవాయి. "నేను 'అరే' అన్న. నవ్విండు."

"నవ్విండా?"

"నవ్విండు మరి. పండ్లు గూడ కనవడ్డయి."

చుట్టూ ఉన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారి ముఖాలలో దుఃఖం ఉంది; కాదనను. కానీ ఆ దుఃఖం మీదుగా ఇంకొకటి కదలడం కనిపించింది. చాలాసేపు బిగపట్టిన ఊపిరి వదిలినట్లు భుజాలు దిగాయి. కారణం దొరికింది.

ఒక కారణం దొరికిన తరువాత మరికొన్ని వాటంతట అవే వచ్చి చేరాయి. ఒక ముసలి రైతుతో పరుషంగా మాట్లాడాడట. పండుగనాడు ముఠా అంతా కలిసి తిన్నప్పుడు ముందుగా లేచి వెళ్లిపోయాడట. తంబాకు ఉమ్మి కాంటా వైపు పడిందట. నాలుగు దినాల కింద అదే మనిషి మాటలకు కడుపుబ్బ నవ్వినవారే ఇప్పుడు ఆ మాటలను ఏరి సాక్ష్యాలుగా పెడుతున్నారు. ఆయన అబద్ధాలు ఆడాడని ఎవరూ అనలేదు. దొంగ అని కూడా అనలేదు. చిన్న చిన్న తప్పులే. పడిన దెబ్బకు సరితూగేటట్టు వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోయారు.

చదువుకున్నవారం దీనికి అతీతులమని పాఠకుడు అనుకోవద్దు. ప్రమాదాన్ని గురించి పైకార్యాలయానికి పంపే నివేదికలో మా గుమాస్తా "కార్మికుని అజాగ్రత్త" అని రాసి తెచ్చాడు. నువ్వు చూశావా అని అడిగాను. "చూడలే సార్. కని, జాగ్రత్తగ ఉంటే ఎట్ల పడ్తది?" అన్నాడు. కాంటా దాటడం, అజాగ్రత్త. మాట మారింది, తీర్పు మారలేదు. వాన తడికి నేల మెత్తబడిందా, గోనె సంచుల మధ్య జారే ప్లాస్టిక్ సంచులు కలిశాయా, పేర్చినవారి తొందరా అన్నది నేను షెడ్డంతా తిరిగి చూసినా తేలలేదు. అజాగ్రత్త అన్న మాట కొట్టివేయించి, "కారణం నిర్ధారణ కాలేదు" అని రాయించి పంపాను. కారణం తప్పక పేర్కొనవలెనని ఆ కాగితం తిరిగి వచ్చింది. క్రమాన్ని ఇంతగా నమ్మిన నాకు ఆ రోజు తెలిసింది: కారణం లేని దెబ్బకు క్రమంలో చోటు ఉండదు. నేను మళ్లీ అదే వాక్యం రాసి పంపాను. అది ఏ బీరువాలోకి చేరిందో తెలియదు.

ఇంతవరకు మాటలే. ఆ మాటల వల్ల ఒక ఇంటి తిండి ప్రశ్నార్థకం కావడంతో నేను ఊరుకోలేకపోయాను.

హమాలీ ముఠాలో చోటు ఊరికే దొరకదు. చోటు ఉన్నవాడికి జబ్బకు కట్టుకునే ఇత్తడి బిల్ల ఒకటి ఉంటుంది. ఆ బిల్ల ఎవరికి ఇవ్వాలన్నది ముఠా ఇష్టం. సూపర్‌వైజరు చేసేది ఆ పేరును నమోదు చేయడమే. దెబ్బ తగిలి పని మానినవాడి బిల్లను అతని ఇంటి మనిషికే ఇవ్వడం పాత ఆనవాయితీ. ఈయనకు కొడుకులు లేరు. భార్య తమ్ముడు ఒకడు, బలమైన యువకుడు, ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. బిల్ల అతనికి వస్తే పొయ్యి మండుతుంది. రాకపోతే ఆ ఇల్లు ఊరు విడిచి పోవలసిందే. ఈ మాట అందరికీ తెలుసు. అయినా ముఠా వెనుకాడింది.

టెండర్లు ముగిసిన ఒక మధ్యాహ్నం షెడ్డు నీడలో కూర్చున్నారు. నన్నూ పిలిచారు. మేస్త్రి నిదానంగా చెప్పాడు: "బిల్ల ఇయ్యమంటలేం సార్. ఇస్తం. కని, తప్పు తేలకుంట ఇస్తే ఆ తప్పు ముఠా మీదికొస్తది. ఆయన్ను ఒక్కపారి కాంటా కాడికి తోలుకరమ్మనుండ్రి. చెయ్యి పెట్టి, దాటిన, తప్పయిందని అనాలె. గంతే."

"దాటడానికీ నెట్టు పడడానికీ ఏమిటి సంబంధం?" అన్నాను. "ఆ పక్క బస్తాలు పేర్చింది మీరే. వాన మీరు తేలేదు, ఆయనా తేలేదు. వంతు ఎవరిదైతే వారిమీద పడేది."

దడవాయి, "మరి ఎవరి మీదనన్న పడేదుంటే ఇంకొకని మీద పడకపోయెనా సార్? ఆయన మీదనే ఎందుకు పడ్డది?" అన్నాడు. అందరూ తలలు ఊపారు. ఇంతకంటే బలమైన వాదం లేదన్నట్టు ఊపారు. ఆనవాయితీ ప్రకారం బిల్ల ఆ ఇంటికి చెందవలసినదని, దానికి షరతు పెట్టడం అన్యాయమని నేను గట్టిగానే చెప్పాను. మర్యాదగా విన్నారు. ఒక్కరూ మారలేదు.

అందరూ లేచిపోయాక మేస్త్రి ఒక్కడే ఉండిపోయాడు. బీడీ వెలిగించుకోలేదు; చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మీరైనా ఆలోచించండి," అన్నాను. "అతను మీ చేతుల మీదుగా పెరిగిన మనిషి."

"పెరిగిండు సార్. ఆని పెండ్లికి నేనే ముందల నడిచిన." బీడీని చెవి వెనుక పెట్టుకున్నాడు. "మీరు చెప్పేది నాకు సమజైతలేదనుకుంటున్నరా? అయితుంది. ఆయన తప్పేం లేదు, నెట్టు ఉత్తగనే పడ్డది. గదే గద మీరనేది?"

"అదే."

"మరి రేపు పొద్దుగాల నా పోరగాండ్లను ఆ నెట్టు కిందికి ఏ మొఖంతోని పొమ్మనాలె? ఉత్తగనే పడేదైతే, మొక్కినోని మీద పడ్తది, మొక్కనోని మీద పడ్తది. ఎవడు పోతడు సార్ కిందికి? ఇప్పుడైతే ఏమంటున్న? కాంటాకు మొక్కుండ్రి, దాటకుండ్రి, మీకేం కాదు అంటున్న. పోతున్నరు. మీకాడ ఇంతకన్న మంచి మాట ఉంటే చెప్పుండ్రి, గదే చెప్త."

నా దగ్గర ఉన్నవి వానాకాలంలో నెట్టు ఎత్తు తగ్గించడం, అడుగున చెక్కలు వేయడం వంటి మాటలు. అవి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "చేద్దాం సార్, అవి గూడ చేద్దాం," అన్నాడు. ఆ 'గూడ' అన్న మాటలో ఆయనకూ నాకూ మధ్య ఉన్న దూరమంతా ఉంది. ఎంత చేసినా ఏదో ఒక రోజు కూలవచ్చునన్న సంగతిని నా జాగ్రత్తలు దాచలేవు. ఆయన మాట దాచగలదు.

ఆ సాయంత్రమే నేను గాయపడిన మనిషి ఇంటికి వెళ్లాను. రెండు గదుల రేకుల ఇల్లు. ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. భార్య బియ్యం చెరుగుతున్నది. షరతు సంగతి అప్పటికే వారికి తెలుసు.

"పోయి చెప్పొస్త సార్," అన్నాడు ఆయన. "దాటింది నిజమే గద."

"దాటినందుకే నెట్టు పడిందని మీరు నమ్ముతున్నారా?"

ఆయన తన కాళ్లవైపు చూశాడు. "దవాఖానల పండుకొని అదే సోచాయించిన సార్. ఎందుకు నాకే అని. ఏం దొరుకకపోతే పిచ్చి లేసినట్టయితుండె. గిది దొరికింది. దాటిన, పడ్డది. కొంచెం నయమైంది పానం."

భార్య చాట కింద పెట్టింది. "నయమైందా? నువ్వు పొద్దంత గోనె మోసి రాత్రి నడుంనొప్పని మూలిగినప్పుడు కాంటాకేం గుర్తుండలేదా? సుతిలి తెమ్మని వాళ్లే ఉరికిచ్చిరి. ఇప్పుడు వాళ్లే తప్పంటుండ్రు. సారూ, మీరు చెప్పుండ్రి. ఏ తప్పు చేయనోడు తప్పయిందని మొక్కితే, అది మా ఇంటి మీద ఎల్లకాలం ఉండదా?"

"ఉంటుంది," అన్నాను.

"ఇంటున్నవా?" అంది భర్తతో.

"బిల్ల రాకపోతే ఏం తింటమే?"

ఆమె మళ్లీ చాట అందుకుంది. తమ్ముడు గడపలో నిలబడి ఉన్నాడు. అతని బతుకును గురించే ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. అక్క వైపు చూశాడు, బావ వైపు చూశాడు, బయటికి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తరువాత ఆటోలో ఆయనను యార్డుకు తీసుకువచ్చారు. ఆమె రాలేదు. మేస్త్రి స్వయంగా చంకల కింద చేతులు వేసి దించాడు. ఇంకో ఇద్దరు కాళ్లు పట్టారు. కాంటా పక్కన గోనెసంచులు మడిచి మెత్తగా పరిచి కూర్చోబెట్టారు. ఆయన పలక మీద చేయి పెట్టి, "దాటిన. తప్పయింది," అన్నాడు.

ఆ తరువాత జరిగినది నేను ఊహించలేదు. ఆ మనుషుల ప్రేమ కట్ట తెగినట్టు పొంగింది. అన్ని రోజులు ఆయన ఇంటివైపు చూడనివారు వచ్చి చేతులు పట్టుకున్నారు. ఒకడు చాయ్ తెచ్చాడు. ఒకడు భుజాలు పిసికాడు. "ఇగ కాంటాకు నువ్వంటే కోపం లేదు పో. కూసో, జోకుత, దవాఖాన తిండికి ఎంత తగ్గినవో చూద్దాం," అన్నాడు దడవాయి. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కొందరి కండ్లు తడిశాయి. వారు దుర్మార్గులు కారు. నేను ఈ మాట నొక్కి చెప్పదలచుకున్నాను. తప్పు ఒప్పుకున్న మనిషిని వారు మనస్ఫూర్తిగా క్షమించారు. క్షమించవలసినది ఏమీ లేకపోవడం ఒక్కటే అక్కడి లోటు. ఆ లోటు అక్కడున్నవారిలో నాకు తప్ప ఎవరికీ కనిపించలేదు, నాకు కనిపించడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు. బిల్ల ఆ ఇంటికే వచ్చింది. నేను నమోదు చేశాను.

ఉద్యోగ విరమణ చేసి పానగల్ వైపు ఇల్లు కట్టుకున్న ఇన్నేళ్ల తరువాత కూడా కాంటా ముందు ఆయన తప్పయిందన్న ఆ రోజు నన్ను వదలదు. ఎవరికో ఉద్యోగం పోయిందనో, పంట మునిగిందనో విన్నప్పుడు నా చుట్టూ ఉన్న పెద్దమనుషులు మొదట అడిగేది "ఏం చేసిండట?" అని. నేను ఇప్పుడు ఆ ప్రశ్న అడగను. అడగకుండా ఉండడం ఎంత కష్టమో మాత్రం తెలుసు. ఏమీ చేయకుండానే పోయిందంటే, రేపు మనకూ పోవచ్చును.

మరి ఆ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. యువకుడు పనిలో చేరాడు. కొంతకాలానికి అక్క కూడా అదే యార్డులో చాట కూలీగా కుదిరింది. రాశుల చుట్టూ చెదిరిన గింజలను ఊడ్చి చెరగడం ఆ ఆడవారి పని. అంత మాట అన్న ఆమె ఇక్కడికి ఎలా వచ్చిందా అనుకున్నాను. కడుపు తెచ్చింది. కాంటా వైపు చూడకుండా, దానికి ఎడంగా ఊడ్చుకుంటూ పోయేది. ఉదయం వరుసలో ఎన్నడూ నిలబడలేదు. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు.

మళ్లీ వానాకాలం వచ్చింది. మేస్త్రి మాట నిలబెట్టుకుని నెట్ల ఎత్తు తగ్గించాడు, అడుగున చెక్కలు వేయించాడు. అయినా ఒక ఉదయం నెట్టు మార్చవలసి వచ్చింది. కింద నిలబడే వంతు ఆ యువకుడిది. అతను వచ్చి కాంటాకు చేయి పెట్టాడు. అందరూ ఒకసారి తాకితే అతను మూడుసార్లు తాకి కండ్లకు అద్దుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"భయంగా ఉందా?" అని అడిగాను.

"నాకేం భయం సార్," అన్నాడు పెద్దగొంతుతో. "మా బావ లెక్క నేను ఎన్నడు దాటలే. మొక్కు తప్పలే. మా బావకు జర నిర్లక్ష్యం ఎక్కువుండె."

అతని వెనుక కొద్ది దూరంలో అక్క గింజలు ఊడుస్తున్నది. చీపురు ఆగింది. ఆ మాట ఆమె విన్నది. తన అన్నం, నీడ ఆ బావ నడుము ఖరీదుగా వచ్చినవని అతనికి తెలియనిది కాదు. ఆమె ఇప్పుడు తమ్ముడిని చీల్చి చెండాడుతుందని నేను నిలబడి చూస్తున్నాను. నిజానికి అలా చేయాలనే కోరుకున్నాను. ఇన్నాళ్లూ ఆ యార్డులో నేను తప్ప ఆ నిజాన్ని పట్టుకుని ఉన్నది ఆమె ఒక్కతే.

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. పై పెదవి మీద చెమట ఉంది. చేతివేళ్లు గోనెపట్టాను నలుపుతున్నాయి. ఆ గొంతు ఎందుకు అంత పెద్దదయిందో నాకంటే ముందు ఆమెకు అర్థమయింది. నెట్టు మీదనుంచి కేక వచ్చింది, "రారా, టైమైతాంది!"

"అవును తమ్మీ," అంది ఆమె. "నువ్వు మంచిగ మొక్కినవు. నేను చూసిన. నీకేం గాదు, పో."

అతను గోనెపట్టా తలమీద వేసుకుని నెట్టు కిందికి నడిచి వీపు వంచాడు.